కంకి పేరు పెట్టుకున్న క్లబ్: కొవాలివ్కా ఊరి ఫుట్‌బాల్ కథ

స్వాతి: రికార్డ్ అవుతోందా? ఆ, అవుతోంది. హలో అందరికీ. ఈ వారం నా పక్కన మా పెద్దమ్మ కొడుకు కిరణ్ అన్నయ్య కూర్చున్నాడు. ఉక్రెయిన్‌లో, విన్నిత్సియాలో మెడిసిన్ చదువుతుండగా ఐదో ఏడు మధ్యలో యుద్ధం వచ్చి తిరిగొచ్చాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరైనా ఎత్తితే లేచి పక్క గదిలోకి వెళ్లిపోతాడు గానీ, ఫుట్‌బాల్ అంటే మాత్రం రాత్రి రెండింటిదాకా కదలడు.

కిరణ్: మొదట్లోనే పరువు తీసేశావు కదా.

స్వాతి: మొన్న భోజనాల దగ్గర ఒక మాటన్నావు గుర్తుందా? రెండు వేల మంది కూడా లేని ఊరి జట్టు యూరప్‌లో మ్యాచ్ ఆడి గెలిచిందని. నాన్న నమ్మలేదు.

కిరణ్: బాబాయ్ నేనేం చెప్పినా నమ్మడు. ఊరి పేరు కొవాలివ్కా. కీవ్‌కి దక్షిణాన, బిలా త్సెర్క్వా అని ఒక పట్నం ఉంటుంది, ఆ వైపు. జట్టు పేరు కొలోస్. కొలోస్ అంటే కంకి. మనం వరికైతే వెన్ను అంటాం కదా, గోధుమకి కంకి, అదే. సోవియట్ కాలంలో పల్లెటూళ్ల క్రీడా సంఘానికే ఆ పేరుండేది, అందుకని ఉక్రెయిన్‌లో వ్యవసాయం ఉన్న ప్రతి మూలా ఒక కొలోస్ కనిపిస్తుంది. నికోపోల్‌లో ఒకటుండేది, అక్కడి కోచ్‌లు యెమెత్స్, జిజ్దిక్ ఇద్దరూ తరువాత ద్నిప్రో అనే పెద్ద క్లబ్‌కి వెళ్లి 1983లో సోవియట్ లీగ్ గెలిపించారు. అది వేరే కథ, అందులో పడితే బయటికి రాను.

స్వాతి: వద్దు వద్దు, కొవాలివ్కాలోనే ఉండు. ఈ క్లబ్ ఎప్పటిది?

కిరణ్: కొత్తదే. ఇప్పుడున్న క్లబ్ మొదలైంది 2012లో. మూడేళ్లు అమెచ్యూర్‌గా ఆడారు, 2015లో ప్రొఫెషనల్ అయ్యారు, 2016లో పై మెట్టు ఎక్కారు. ఇక్కడ ఒక తిరకాసుంది. ఉక్రెయిన్‌లో రెండో లీగ్ అంటే మూడో స్థాయి, మొదటి లీగ్ అంటే రెండో స్థాయి, వాటి మీద ప్రీమియర్ లీగ్. నాకు ఇది బుర్రకెక్కడానికి ఒక సెమిస్టర్ పట్టింది.

స్వాతి: అనాటమీ కన్నా కష్టమా?

కిరణ్: అనాటమీకి పుస్తకం ఉంది కదా. సరే, 2019లో మొదటి లీగ్‌లో రెండో స్థానంలో నిలిచారు, అంటే పైకి వెళ్లాలంటే పై లీగ్ జట్టొకదానితో ప్లే ఆఫ్ ఆడాలి. ఎదురుగా ఎవరు? చొర్నొమొరెత్స్ ఒడెసా. ఒడెసా అంటే పది లక్షల జనాభా ఉన్న రేవు పట్నం, పాత క్లబ్, పెద్ద స్టేడియం. వాళ్ల గడ్డ మీద సున్నా సున్నా. తరువాతి మ్యాచ్ రెండు సున్నాతో కొలోస్ గెలిచింది. అలా ఊరు పైకి, ఒడెసా కిందికి.

స్వాతి: ఆగు. ఊరు ఊరు అంటున్నావు గానీ, ఆటగాళ్లు ఆ ఊరి కుర్రాళ్లు కాదుగా?

కిరణ్: కాదు, కాదు. అక్కడే అందరూ పొరపాటు పడతారు, పేపర్లలో కూడా పల్లెటూరి కుర్రాళ్లు పట్నాన్ని ఓడించారన్నట్టు రాసేస్తారు. ఆటగాళ్లు జీతాలు తీసుకునే ప్రొఫెషనల్స్, దేశంలోని అన్ని మూలల నుంచీ వచ్చినవాళ్లు. కోచ్ రుస్లాన్ కొస్తిషిన్ ఒకప్పుడు ద్నిప్రోకి ఆడినవాడు, రెండో లీగ్ రోజుల నుంచి 2022 దాకా జట్టుని నడిపింది ఆయనే. ఊరిది ఏమిటంటే నేల, పేరు, డబ్బు.

స్వాతి: ఊళ్లో అంత డబ్బెక్కడిది?

కిరణ్: గోధుమలోంచి. మొక్కజొన్నలోంచి, పొద్దుతిరుగుడులోంచి. క్లబ్ ప్రెసిడెంట్ ఆంద్రీయ్ జసూఖా. ఆయన తండ్రి అనతోలీ జసూఖా 1996 నుంచి 2005 దాకా కీవ్ ప్రాంతానికి గవర్నర్, తల్లి తెత్యానా పార్లమెంటు సభ్యురాలిగా చేసింది, వ్యవసాయ కంపెనీ నడిపే కుటుంబం. మన ఊళ్లో సంక్రాంతికి పెద్ద రైతు ఎవరో వాలీబాల్ పోటీలు పెట్టి, షామియానా వేయించి, మొదటి బహుమతి ఆయన చేత్తోనే ఇస్తాడు చూడు. అదే, కాకపోతే వేల ఎకరాల లెక్కలో.

స్వాతి: మా తాతయ్య పోటీలు పెట్టి, ఓడిపోయిన జట్టుకి కూడా భోజనం పెట్టేవాడట.

కిరణ్: ఇదిగో, అక్కడికే వస్తున్నా. ఆ పోటీలు ఊరివా, తాతయ్యవా? తాతయ్య పోయాక జరిగాయా?

స్వాతి: ...లేదు.

కిరణ్: అంతే. కొలోస్ గురించి నన్ను తొలిచే ప్రశ్న అదొక్కటే. మిగతాదంతా స్కోర్లు.

స్వాతి: కానీ ఒక రైతు కుటుంబం ఇంత పైకెలా వచ్చింది? మరి ఆ పెద్ద క్లబ్బులన్నీ ఏమయ్యాయి?

కిరణ్: బాగా అడిగావు. 2014కి వెనక్కి వెళ్లాలి. అంతకుముందు ఉక్రెయిన్ ఫుట్‌బాల్ డబ్బంటే ఎక్కువగా తూర్పు డబ్బు. ఉక్కు, బొగ్గు, గ్యాస్, బ్యాంకులు. క్రిమియా రష్యా చేతికి పోయింది, దొనెత్స్క్, లుహాన్స్క్‌లలో యుద్ధం మొదలైంది, యజమానులు కొందరు పారిపోయారు, కొందరు చేతులెత్తేశారు. ద్నిప్రో చూడు, 2015 మేలో వార్సాలో యూరోపా లీగ్, అంటే యూరప్ క్లబ్బుల పోటీ, దాని ఫైనల్ ఆడింది, సెవియా మీద మూడు రెండుతో ఓడిపోయింది. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ క్లబ్ లేదు. ఖార్కివ్‌లో మెతలిస్త్ 2016లో మూతపడింది. ప్రీమియర్ లీగ్‌లో 16 జట్లు ఉండేవి కాస్తా 14 అయ్యాయి, 2016కి 12. అంటే పైన కుర్చీలు ఖాళీ అవుతున్నాయి, కూర్చోవడానికి డబ్బున్నవాడు లేడు. కానీ పంట మాత్రం పండుతూనే ఉంది, ఒడెసా రేవు నుంచి ఓడలెక్కుతూనే ఉంది.

స్వాతి: అంటే ఉక్కు లేచింది, కంకి కూర్చుంది.

కిరణ్: అబ్బో. ఇది నేను చెప్పాల్సిన డైలాగ్. కానీ నిజమే, కొలోస్ ఒక్కటే కాదు. కిరొవొహ్రాద్ ప్రాంతంలో పెత్రొవె అని చిన్న ఊరు, అక్కడ ఇన్హులెత్స్ అనే క్లబ్, నది పేరు, 2013లో పుట్టింది. దాని వెనక కూడా ఒక రైతే, ఒలెక్సాందర్ పొవొరొజ్న్యుక్. 2019లో రెండో స్థాయిలో ఉండగానే దేశపు కప్ ఫైనల్ దాకా వెళ్లారు. ఫైనల్లో దొనెత్స్క్ పెద్ద క్లబ్ షాఖ్తార్ నాలుగు కొట్టింది, అది వేరే సంగతి. ఉజ్‌హొరొద్ పక్కన మినాయ్ అనే పల్లె, దానికీ ఒక క్లబ్. 2020లో ఇన్హులెత్స్, మినాయ్ రెండూ ప్రీమియర్ లీగ్‌కి వచ్చేశాయి. ఆ సీజన్‌కి జట్లు మళ్లీ 14 అయ్యాయి, వాటిలో మూడు ఇలాంటి ఊళ్లవి. సొంతూళ్లో ఆడే కొలోస్, దొనెత్స్క్ వదిలొచ్చి పరాయి ఊళ్లలో ఆడే షాఖ్తార్, ఇద్దరూ ఒకే పట్టికలో. ఎంత విడ్డూరమో చూడు.

స్వాతి: యూరప్ మ్యాచ్ గురించి చెప్పు, నాన్న వింటాడు ఇది.

కిరణ్: వినండి బాబాయ్. ప్రీమియర్ లీగ్‌లో మొదటి ఏడాదే, 2020 వేసవిలో, యూరప్ బెర్తు కోసం పెట్టిన ప్లే ఆఫ్ ఫైనల్లో మరియుపోల్‌ని ఎక్స్‌ట్రా టైమ్‌లో ఒకటి సున్నాతో కొట్టారు. కోవిడ్ వల్ల ఆ ఏడు యూరోపా లీగ్ క్వాలిఫయర్లు ఒక్కొక్క మ్యాచే, ఇంటా బయటా రెండు మ్యాచ్‌ల పద్ధతి లేదు. కొలోస్‌కి పడింది అరిస్ థెస్సలోనికి. గ్రీస్‌లో వాళ్ల అభిమానుల గోల వింటే చెవులు మూసుకోవాలి, కానీ ఆ రోజు కోవిడ్ కదా, స్టేడియం ఖాళీ. 2020 సెప్టెంబరు 17. రెండు ఒకటి. కొలోస్ గెలిచింది. నేను హాస్టల్లో ఫోన్‌లో చూస్తున్నా, వైఫై ఆగి ఆగి వస్తోంది, నా రూమ్మేట్ సాగర్‌ది విజయనగరం, పక్క మంచం మీద ఫార్మకాలజీ చదువుకుంటున్నాడు, నేను అరిచిన అరుపుకి పుస్తకం విసిరాడు.

స్వాతి: నీకెందుకంత ఆనందం? నీది విన్నిత్సియా కదా.

కిరణ్: నీకు చెప్పినా అర్థం కాదు. మన దగ్గర నుంచి వెళ్లినవాడికి కీవ్ అంటే భయం వేస్తుంది, దినమో కీవ్ అంటే ఇంకా భయం, అది ఎవరిదో పెద్దవాళ్లది అనిపిస్తుంది. ఊరి జట్టంటే మాత్రం మనదేమో అనిపించింది. వారం తరువాత క్రొయేషియా జట్టు రియెకా చేతిలో ఎక్స్‌ట్రా టైమ్‌లో రెండు సున్నాతో ఓడిపోయారు. తొంభై నిమిషాలు గోల్ పడకుండా ఆపి, ఆఖర్న వదిలేశారు. ఆ రియెకానే తరువాతి రౌండ్లో కోపెన్‌హాగన్‌ని కొట్టింది. తరువాతి సీజన్ ఇంకా బాగా ఆడారు, నాలుగో స్థానం. 2021లో కాన్ఫరెన్స్ లీగ్, అంటే యూరోపా లీగ్ కింది మెట్టు, దాని క్వాలిఫయర్‌లో కజకిస్తాన్ జట్టు షాఖ్తర్ కరగండీతో రెండు మ్యాచ్‌లూ సున్నా సున్నా, పెనాల్టీలలో ఓటమి. నూట ఎనభై నిమిషాలు, పైన ఎక్స్‌ట్రా టైమ్, ఒక్క గోల్ లేదు. అది చూసినందుకు నాకు పతకం ఇవ్వాలి.

స్వాతి: అక్కడికి వెళ్లావా ఎప్పుడైనా?

కిరణ్: ఒక్కసారి. 2021 సెప్టెంబరులో. విన్నిత్సియా నుంచి కీవ్‌కి రైలు, అక్కడి నుంచి మర్ష్రుత్కా. మర్ష్రుత్కా అంటే మన షేర్ ఆటోకి పెద్దన్న లాంటి వ్యాన్, వెనక కూర్చున్నవాళ్లు డబ్బులు ముందుకి చేతులు మార్చి పంపిస్తారు, చిల్లర కూడా అలాగే చేతులు మారి తిరిగొస్తుంది, ఒక్క రూపాయి పోదు. దారి పొడుగునా పొద్దుతిరుగుడు చేలు. పసుప్పచ్చగా ఉంటాయనుకుంటున్నావా? సెప్టెంబరుకి పువ్వులన్నీ నల్లగా ఎండిపోయి తలలు వాల్చేసి ఉంటాయి, కోతకి సిద్ధంగా. ఆ చేల మధ్యలో, ఇళ్లు అయిపోయాయి అనుకునేసరికి స్టేడియం. దాదాపు ఐదు వేల సీట్లు. ఊళ్లో చంటిపిల్లలతో సహా అందరూ వచ్చి కూర్చున్నా సగానికి పైగా ఖాళీనే.

స్వాతి: మరి ఎవరొస్తారు?

కిరణ్: చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, కీవ్ నుంచి కార్లలో కొందరు. నా పక్కన ఒక తాతగారు కాగితం పొట్లంలో పొద్దుతిరుగుడు గింజలు తెచ్చుకున్నాడు. పళ్ల మధ్య గింజ పెట్టి టక్‌మని కొరికి, పప్పు లోపలికి, పొట్టు కిందికి, చేత్తో పనే లేదు. నాకూ గుప్పెడు పోశాడు. నేను గోళ్లతో ఒలుస్తుంటే కాసేపు చూసి జాలిపడి, ఎలా కొరకాలో నోరు తెరిచి చూపించాడు. ఆట సగం అయ్యేసరికి నా కాళ్ల కింద కూడా పొట్టు. స్కోరు గుర్తులేదు స్వాతీ, నాలుక ఉప్పుకి మండిపోవడం మాత్రం గుర్తుంది. నాకొచ్చిన వంకర భాషలో ఆయన్ని అడిగాను, ఈ టీమ్ మీదేనా అని. చేత్తో పొలం వైపు చూపించాడు.

స్వాతి: పొలం వైపా? అంటే ఏమని?

కిరణ్: అప్పుడు నాకు అర్థం కాలేదు, మా పొలం పక్కనే అంటున్నాడనుకున్నా. పొలం ఉన్నవాడిది అన్నాడేమో.

స్వాతి: యుద్ధం వచ్చాక?

కిరణ్: శీతాకాలం సెలవులు అయిపోయి లీగ్ మళ్లీ మొదలవ్వాల్సిన వారంలోనే 2022 ఫిబ్రవరి 24 వచ్చింది, రష్యా దాడి మొదలైంది. ఆ సీజన్ అక్కడే ఆపేశారు, విజేత అంటూ ఎవరూ లేరు. విదేశీ ఆటగాళ్లు కాంట్రాక్టులు పక్కన పెట్టి వెళ్లిపోవచ్చని ఫిఫా చెప్పింది, చాలామంది వెళ్లారు. ఆగస్టులో మళ్లీ మొదలుపెట్టారు, ప్రేక్షకులు లేకుండా, పక్కనే షెల్టర్ ఉన్న స్టేడియాలలో. సైరన్ మోగితే ఆట ఆపి లోపలికి. ల్వివ్‌లో రూఖ్‌కీ, పాత పేరుతో మళ్లీ పెట్టిన మెతలిస్త్‌కీ జరిగిన మ్యాచ్ ఒకటి సైరన్ల వల్ల నాలుగున్నర గంటలు సాగింది. కండరాలు చల్లబడటం, మళ్లీ వార్మప్, మళ్లీ సైరన్. తరువాత ప్రేక్షకుల్ని రానిచ్చినప్పుడు కూడా షెల్టర్‌లో ఎంతమంది పడితే అంతమందికే టికెట్లు. సీట్లెన్ని అని కాదు, నేలమాళిగ ఎంత అని.

స్వాతి: కొలోస్ నిలబడిందా?

కిరణ్: నిలబడింది, ఇంకా ప్రీమియర్ లీగ్‌లోనే ఉంది. చెర్నిహివ్ వాళ్ల దెస్నా మాత్రం లేదు. అది నాకు ఎక్కువ బాధ. దెస్నా 1960 నుంచి ఉన్న క్లబ్, ఉక్రెయిన్ జాతీయ జట్టు స్టార్ యార్మొలెంకో సీనియర్ ఆట మొదలుపెట్టింది అక్కడే. 2017లో పైకి వెళ్లే స్థానంలో నిలిచినా షరతులు సరిపోలేదని ఆపేశారు, 2018లో ప్లే ఆఫ్ ఆడి వెళ్లారు, 2020లో నాలుగో స్థానం, జర్మనీ వెళ్లి వోల్ఫ్స్‌బుర్గ్‌తో ఆడొచ్చారు. 2022 మార్చి 11న వాళ్ల స్టేడియం మీద బాంబు పడింది. గ్యాలరీ కూలిపోయింది, మైదానంలో పెద్ద గొయ్యి, పక్కనున్న పాత లైబ్రరీ భవనం సగం లేదు. ఆ తరువాతి సీజన్‌కి జట్టే దిగలేదు. అరవై ఏళ్ల క్లబ్, ఒక నగరం మొత్తం వెనకున్న క్లబ్ ఆగిపోయింది. పదేళ్ల క్లబ్, ఒక కుటుంబం వెనకున్నది నడుస్తోంది.

స్వాతి: అంటే ఒక్కడి మీద ఆధారపడటం తప్పు కాదంటావా?

కిరణ్: తప్పో ఒప్పో అనట్లేదు. కొలోస్‌కి ఒక్క కాలే ఉంది, కానీ ఆ కాలు గట్టిది, ఇప్పటిదాకా. ఆ కుటుంబంలో రేపు ఎవరికైనా ఫుట్‌బాల్ మీద మనసు పోతే చేల మధ్య ఐదు వేల సీట్లు మిగులుతాయి, అంతే. ఇన్హులెత్స్‌దీ అదే కథ. నాకు అది తెలిసే ఇష్టం.

స్వాతి: స్కార్ఫ్ ఏదన్నా కొన్నావా అక్కడ?

కిరణ్: కొన్నా. హాస్టల్ కప్‌బోర్డ్‌లో ఉండిపోయింది. రొమేనియా బోర్డర్‌కి బస్సెక్కేటప్పుడు ఒక్క బ్యాగే అన్నారు. సర్టిఫికెట్లు, చార్జర్, పెద్ద స్వెట్టర్ ఒకటి పట్టుకొచ్చా.

స్వాతి: ఆ స్వెట్టరా? అటక మీద ఉంది కదా.

కిరణ్: ఒంగోల్లో ఎక్కడ వేసుకోమంటావు?