గ.సా.భా.కు దొరికిపోయిన తాళాలు

అందరికీ నమస్కారం. బెంగళూరు సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటుకుని ఈ మారతహళ్లి దాకా వచ్చినవాళ్లకి రెండుసార్లు నమస్కారం.

ఇవాళ్టి కబురు: రాండమ్ కావాల్సిన సంఖ్యలు రాండమ్ కాకపోతే రహస్య కీలు ఎలా దొరికిపోతాయో. బళ్లో గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) నేర్చుకున్నాం. ఇదెందుకు పనికొస్తుందని మాస్టారిని అడిగితే వీపు విమానం మోత మోగేది. 2012లో నాడియా హెనింగర్ అనే క్రిప్టోగ్రఫీ పరిశోధకురాలి బృందం దాన్ని ఇంటర్నెట్ మీద ప్రయోగించింది. ఆర్‌ఎస్‌ఏ అనే తాళం పద్ధతిలో అందరికీ కనిపించే పబ్లిక్ కీలో ఉండేది రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధం. దాన్ని విడగొట్టడం మన తరం కాదు. కానీ రెండు వేర్వేరు కీల్లో ఒక ప్రధాన సంఖ్య ఒకటే అయితే? గ.సా.భా. కడితే అది బయటపడుతుంది, భాగిస్తే రెండోదీ వచ్చేస్తుంది. అలా టీఎల్‌ఎస్ (కనెక్షన్లను భద్రపరిచే పద్ధతి) వాడే మెషీన్లలో 0.5 శాతం వాటి ప్రైవేట్ కీలు రాబట్టారు.

దొరికినవి ఎక్కువగా రౌటర్లు, ఫైర్‌వాల్‌ల లాంటి పెట్టెలు. స్విచ్ వేసిన కాసేపటికే కీ తయారు చేసుకుంటాయి. కీబోర్డు లేదు, మౌస్ లేదు, ఎంట్రోపీ, అంటే ఎవరూ ఊహించలేని యాదృచ్ఛికత, ఎక్కణ్నుంచి వస్తుంది? మొదటి ప్రధాన సంఖ్య దాకా అన్నీ కవలలే. ఈలోగా గడియారం ఒక సెకను కదిలితే రెండోది మారిపోయేది. మొదటిది ఒకటే, రెండోది వేరు; గ.సా.భా.కు కావలసిందే అది. ఆ ఒక్క సెకనే కొంప ముంచింది.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది డెబియన్ అనే లినక్స్ కథ. 2006లో మెమరీ తప్పులు పట్టే సాధనమైన వాల్‌గ్రైండ్ హెచ్చరికలు పోగొట్టడానికి ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ అయిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో రెండు లైన్లను కామెంట్‌గా మార్చి పనిచేయకుండా చేశారు. అందులో ఒకటి ఎంట్రోపీని కలిపే లైను! ఇక సీడ్‌గా (రాండమ్ సంఖ్యలకు మొదలుగా) మిగిలింది ప్రాసెస్ ఐడీ, అంటే నడుస్తున్న ప్రోగ్రాముకి సిస్టం ఇచ్చే నంబరు. మహా అయితే 32,768 రకాలు. పైన చూస్తే 2048 బిట్ల కీ, లోపల ముప్పై వేల చిల్లర. 2008 మే 13న ప్రకటించేదాకా లాగిన్లు హాయిగా అవుతూనే ఉన్నాయి. ప్యాచ్ వేసినా తీరలేదు, పాత కీలు అప్పటికే ఊళ్లన్నీ తిరిగాయి. ఇంకో ఘోరం: వేరేచోట పద్ధతిగా పుట్టిన డీఎస్‌ఏ (సంతకాలకు వాడే ఇంకో పద్ధతి) కీతో ఆ మెషీన్‌లో ఒక్క సంతకం చేసినా, అదీ పోయినట్టే లెక్క. సంతకంలో వాడే రహస్య సంఖ్యను ఊహించొచ్చు కదా.

నవ్వకండి, నా వంతూ ఉంది. ఒక ఆఫీసులో పాస్‌వర్డ్ రీసెట్ టోకెన్లకు పైథాన్ రాండమ్ మాడ్యూల్ వాడాను. దాని లోపలున్నది మెర్సెన్ ట్విస్టర్ అనే సంఖ్యల తయారీ పద్ధతి. వరుసగా 624 అవుట్‌పుట్లు, 32 బిట్లవి, చేతికొస్తే తర్వాతవన్నీ లెక్కకట్టొచ్చు. రివ్యూలో ముగ్గురు చూశారు. వచ్చిన కామెంట్లన్నీ వేరియబుల్ పేర్ల మీదే. భద్రత కోసమే ఉన్న సీక్రెట్స్ మాడ్యూల్‌కి మార్చడం రెండు నిమిషాల పని. అప్పటికే వెళ్లిపోయిన టోకెన్లను ఏరి రద్దు చేయడానికి నా ఆదివారమంతా పోయింది.

ఇక టీ దగ్గర మీరే చెప్పండి: మీ వీఎం (వర్చువల్ మెషీన్) ఇమేజ్‌ని క్లోన్ చేసేటప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీ (ఆ మెషీన్ గుర్తింపు), సీడ్ ఫైలు కూడా దాంతోపాటే క్లోన్ అయిపోతున్నాయా?