రాడార్ గన్‌కు కనిపించనిది

శ్రోతలకు నమస్కారం. 2003 ప్రపంచ కప్‌లో షోయబ్ అక్తర్ గంటకు 161.3 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి గురించి మన క్రికెట్ అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అమెరికాలో బేస్‌బాల్ ఆడే కాలేజీ కుర్రాళ్లలో ఆ వేగాన్ని అందుకునేవాళ్లు ఉన్నారు. వాళ్ల లెక్కలో అది వంద మైళ్లు. బంతి విసిరే ఆటగాడికి, అంటే పిచర్‌కు, పరిగెత్తుకొచ్చే అవకాశం ఉండదు. మట్టి దిబ్బ మీద నిలబడి, 60 అడుగుల 6 అంగుళాల దూరానికి మోచేయి వంచి విసరాలి. భారమంతా ఆ చేతి మీదే.

అలాంటి కుర్రాడు ఆడే రోజు ప్రొఫెషనల్ జట్ల కోసం కొత్త ఆటగాళ్లను వెతికే స్కౌట్లు, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనక చేరతారు. బంతి పడ్డప్పుడల్లా వేగం కొలిచే రాడార్ గన్‌లు పైకి లేస్తాయి. స్కౌట్లు వేసే మార్కులు 20 నుంచి 80 దాకా. 50 వస్తే అమెరికా అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో సగటు ఆటగాడితో సమానం. వేగానికి మార్కులు వేయడం తేలికే, అంకె గన్ మీదే ఉంటుంది. స్కౌట్ అసలు పని, తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో, ఆరో ఇన్నింగ్స్‌లో మొదలవుతుందని నా అభిప్రాయం. అప్పటికి కుర్రాడు ఎనభై బంతులు వేసి ఉంటాడు. ఇక మన వికెట్ కీపర్‌లా బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్ గ్లవ్‌ను చూడాలి. మోకాలి ఎత్తులో పెట్టిన గ్లవ్‌లోకే బంతి వస్తోందా, లేక క్యాచర్ చెయ్యి చాచి పట్టుకోవాల్సి వస్తోందా? చెయ్యి అలిసిపోతే ముందు గురి తప్పుతుంది, వేగం ఆ తర్వాత తగ్గుతుంది.

రెండో ఆయుధం కూడా కావాలి. కాలేజీలో వేగం ఒక్కటే సరిపోవచ్చు. పెద్ద లీగ్ బ్యాటర్లు మాత్రం ఒకే తరహా బంతిని, ఎంత వేగమైనా సరే, రెండోసారి క్రీజులోకి వచ్చేసరికి పట్టేస్తారు. అదే చేతి ఊపుతో నెమ్మదిగా వచ్చే ఛేంజప్ గానీ, చివర్లో పక్కకు జారే స్లైడర్ గానీ ఉండాలి.

ఇవన్నీ ఉన్న కుర్రాడు స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్. శాన్ డియేగో స్టేట్ నుంచి 2009లో, జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, అందరికంటే ముందు వాషింగ్టన్ నేషనల్స్ అతన్ని తీసుకుంది. 2010 జూన్‌లో ఆడిన మొదటి మ్యాచ్‌లోనే 14 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే మూడు స్ట్రైక్‌లతో ఔట్ చేశాడు. ఆగస్టులో ఫిలడెల్ఫియాలో ఒక ఛేంజప్ వేసి, ముఖం చిట్లించి, కుడి చెయ్యి విదిలించాడు. మోచేతి లిగమెంట్ తెగింది. తెగిన లిగమెంట్‌ను సరిచేసే టామీ జాన్ సర్జరీ చేయాల్సి వచ్చింది. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదలుపెట్టిన ఆపరేషన్ అది. తిరిగొచ్చిన స్ట్రాస్‌బర్గ్ మేజర్ లీగ్ ఫైనల్ అయిన 2019 వరల్డ్ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ వెంటనే ఏడేళ్లకు 24.5 కోట్ల డాలర్ల ఒప్పందం. దాని కింద ఆడింది ఎనిమిది మ్యాచ్‌లే. 2024లో రిటైర్ అయ్యాడు.

అతన్ని ఎంచుకున్నవాళ్లు పొరబడ్డారని నేను అనను. వాళ్లు కళ్లతో చూడగలిగిందంతా నిజమే.

2023లో లూసియానా స్టేట్ నుంచి పాల్ స్కీన్స్ వచ్చాడు. ఆ సీజన్‌లో 209 స్ట్రైకౌట్లు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ అతన్ని మొట్టమొదటగా ఎంచుకుంది. 2025కల్లా ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు. అతను ఆడుతుంటే స్క్రీన్ మూలన కనిపించే వేగాన్ని నేను పట్టించుకోను. బంతి వదిలాక ఆ కుడి చేతినే చూస్తుంటాను, విదిలించకూడదని కోరుకుంటూ.