ట్రాక్ నుంచి బార్‌బెల్ దగ్గరికి వచ్చేవాళ్లకి

(దృశ్యం: తెల్లవారుజామున కబ్బన్ పార్క్. షూ లేసులు కట్టుకుంటున్న చేతులు. తర్వాత అవే చేతులు చాక్ పౌడర్‌తో బార్ మీద.)

కాలేజీ రోజుల్లో నేను 400 మీటర్లు పరిగెత్తేవాణ్ణి. ఉద్యోగానికి బెంగళూరు వచ్చాక, 31వ ఏట వెయిట్‌లిఫ్టింగ్ మొదలుపెట్టాను. రన్నింగ్, సైక్లింగ్, స్విమ్మింగ్, ఏ రేసు నుంచి ఇటు వస్తున్నా సరే, ఈ వీడియో మీకోసమే.

ఒలింపిక్ లిఫ్టింగ్‌లో ఉండేవి రెండే లిఫ్టులు. స్నాచ్‌లో బార్ నేల మీద నుంచి ఒక్క ఊపులో తలపైకి వెళ్తుంది. క్లీన్ అండ్ జర్క్‌లో ముందు భుజాల మీదికి, అక్కడి నుంచి తలపైకి. పోటీలో ఒక్కోదానికి 3 ప్రయత్నాలు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి 110, 130 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది ఈ రెండింటితోనే.

(దృశ్యం: దగ్గరగా మోకాళ్లు, పిక్కల ముందు నుంచి పైకి జరుగుతున్న బార్. స్లో మోషన్.)

ఇక అసలు విషయం. తుపాకీ పేలగానే దూకడం మన ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది. బార్ పట్టుకోగానే అదే చేస్తాం, నేల మీద నుంచే గుంజేస్తాం. అప్పుడు నడుము ముందే లేచిపోతుంది, బార్ ఒంటికి దూరంగా వెళ్తుంది, చివరికి ముందుకు పడిపోతుంది. నాకు రెండు నెలలు ఇదే జరిగింది. మా కోచ్‌ని అన్న అంటాం, వాళ్లదీ శ్రీకాకుళం వైపే. ఒకరోజు దగ్గరికొచ్చి, "ఏటి తమ్ముడూ ఆ తొందర? బార్ ఎక్కడికీ పోదు గదా! కాళ్లతో నేలని తొక్కు, చేతులతో లాగకు" అన్నాడు.

బార్ మోకాళ్లు దాటేదాకా నిదానం. తొడల పైభాగానికి వచ్చాక దూకాలి. మీ స్ప్రింట్ అంతా అక్కడ ఖర్చు పెట్టండి. ఆ వేగం మీకు ముందే ఉంది, దాన్ని సెకనులో సగం సేపు ఆపుకోవడమే నేర్చుకోవాలి.

రెండోది విశ్రాంతి. ఆయాసం లేదు కదా అని 40 సెకన్లకే నేను మళ్లీ బార్ దగ్గరికి వెళ్లేవాణ్ణి. ఇక్కడ ఆయాసం కొలత కాదు. ఒక్క క్షణం పేలే శక్తికి కండరం వాడే ఇంధనం మళ్లీ నిండాలంటే కొన్ని నిమిషాలు పడుతుంది. బరువు పెరిగే కొద్దీ 2, 3 నిమిషాలు కూర్చోండి. చెమట పట్టలేదని బాధపడకండి.

(దృశ్యం: కర్ర తలపైకి పట్టుకుని గొంతుక్కూర్చోవడం. మడమలు లేస్తున్నాయి.)

స్నాచ్‌లో బార్ కిందికి దూరి, ఇలా కూర్చునే దాన్ని తలపైన పట్టుకోవాలి. ముందు ఇంట్లో కర్రతో చేసి చూడండి. రన్నర్లకి పిక్కలు బిగుసుకుని మడమలు లేస్తాయి. సైక్లిస్టులకి వీపు వంగి కర్ర ముందుకు పోతుంది. స్విమ్మర్లకి భుజాలు చాలావరకు సులువుగానే తెరుచుకుంటాయి. రన్నింగ్ షూ మాత్రం వద్దు. అడుగున ఉండే మెత్తటి ఫోమ్ బరువు కింద ఊగుతుంది. లిఫ్టింగ్ షూకి మడమ గట్టిగా, ఎత్తుగా ఉంటుంది.

బార్‌ని పట్టుకునే పద్ధతి హుక్ గ్రిప్. ఇందులో బొటనవేలు బార్‌కీ వేళ్లకీ మధ్య నలుగుతుంది. మొదటి వారాలు నొప్పి తప్పదు, టేప్ చుట్టుకోండి.

జిమ్‌లో చేరేముందు ఒక్క మాట అడగండి: బార్‌ని పైనుంచి నేల మీదికి వదిలేయొచ్చా? నేను మొదట చేరినచోట వదలనిచ్చేవాళ్లు కాదు. వదలలేని బార్ కిందికి దూరాలంటే భయం వేస్తుంది, ఆ భయం లిఫ్టుని పాడు చేస్తుంది. రబ్బరు ప్లేట్లు, చెక్క ప్లాట్‌ఫామ్ ఉన్నచోటే చేరండి, కాస్త దూరమైనా సరే.

(దృశ్యం: బార్ మీద 55 కిలోలు.)

ఇది అంతకు ముందు వారం నేను పడేసిన బరువే. ఆ రోజు మోకాళ్లు దాటేదాకా ఆగాను. లేచి నిలబడేసరికి బార్ తలపైన కదలకుండా ఉంది. అన్న ఏమీ అనలేదు. అటూ ఇటూ రెండున్నర కిలోల చొప్పున ఎక్కించి వెళ్లి కూర్చున్నాడు.