బోసినోటి గడుసుతనం: మామ్స్ మేబ్లీ

సభకు నమస్కారం.

పూలపూల ఇంటి గౌను, నలిగిన టోపీ, జారిపోయిన మేజోళ్లు, పాదాల కొలతకు మించిన చెప్పులు. ఆ వేషంలో, కట్టుడు పళ్లు కూడా తీసేసి బోసినోటితో వేదిక మీదికి వచ్చి, ప్రేక్షకులను "పిల్లలూ" అని పలకరించిన హాస్యనటి మామ్స్ మేబ్లీ గురించి ఈ సాయంత్రం మాట్లాడతాను. ఆమె అసలు పేరు లొరెట్టా మేరీ ఐకెన్. పుట్టింది 1890లలో, అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, బ్రెవార్డ్ అనే చిన్న పట్టణంలో. కష్టాలతో నిండిన బాల్యాన్ని వదిలి, కౌమారంలోనే నాటక బృందాలతో ఊళ్లు పట్టుకు తిరిగారు. జాక్ మేబ్లీ అనే ప్రియుడు తన దగ్గర చాలా తీసుకున్నాడు కనుక తాను అతని పేరైనా తీసుకున్నానని ఆమె చెప్పుకునేవారు.

ముసలమ్మ వేషం ఆమెకు వయసు తెచ్చిపెట్టినది కాదు, యౌవనంలోనే ఎంచుకున్నది. శృంగారం గురించీ, తెల్లవారి అహంకారం గురించీ ఒక నల్లజాతి యువతి నోరు విప్పితే సహించని రోజులలో, అవే మాటలు బామ్మ నోట వస్తే జనం నవ్వి ఊరుకునేవారు. ఆమె చెప్పిన ఒక హాస్యకథ వినండి. ఎర్రదీపం దాటి కారు నడిపిన మామ్స్‌ను పోలీసు నిలదీస్తాడు. పచ్చదీపానికి తెల్లవాళ్లందరూ వెళ్లడం చూసి, ఎర్రది మాకోసమేమో అనుకున్నానని ఆమె అమాయకంగా బదులిస్తుంది. నల్లవారిని తెల్లవారి నుంచి వేరుగా ఉంచిన చట్టాల మీద ఇంతకన్నా పదునైన విమర్శ నాకు తట్టడం లేదు.

వేషం విప్పితే ఆమె మరో మనిషి: చక్కగా కుట్టించిన పురుషుల సూట్లు ధరించేవారు, స్త్రీలను ప్రేమించారు. తోటి కళాకారులకు ఇది తెలిసిన విషయమే.

1939లో న్యూయార్క్‌లోని నల్లజాతివారి పేట హార్లెమ్‌లో, అపోలో థియేటర్‌లో ప్రదర్శన ఇచ్చి, ఆ వేదికనెక్కిన తొలి హాస్యనటిగా పేరు తెచ్చుకున్నారు. తెల్లజాతి ప్రేక్షకలోకం ఆమెను గుర్తించడానికి మాత్రం మరో రెండు దశాబ్దాలు పట్టింది. 1960లలో హాస్య రికార్డులు, 1962లో న్యూయార్క్‌లోని ప్రసిద్ధ కచేరీ వేదిక కార్నెగీ హాల్, ఆ తరువాతనే టెలివిజన్. ఆలస్యంగా దక్కిన ఈ గౌరవాన్ని విజయగాథగా చెప్పుకోవడం నాకు కొంత ఇబ్బందిగానే ఉంటుంది. ఆమె 1975లో కన్నుమూశారు. 2013లో నటి వూపీ గోల్డ్‌బర్గ్ ఆమెపై డాక్యుమెంటరీ తీశారు.

1969లో, డెబ్బై దాటిన వయసులో, ఆమె ఒక పాట రికార్డు చేశారు. హత్యకు గురైన లింకన్, మార్టిన్ లూథర్ కింగ్, కెన్నెడీ సోదరులను తలచుకునే ఆ పాట అమెరికా తొలి నలభై పాటల జాబితాకెక్కింది. జనాన్ని నవ్వించడానికే పుట్టిందనుకున్న ఆ గరగర గొంతు, అందులో ఒక్క హాస్యపు మాటైనా లేకుండా, వాళ్లెక్కడికి వెళ్లారని అడుగుతూ పోతుంది.