43 ఏళ్లకు నంబర్ వన్: రోహన్ బోపన్న, 19 మంది పార్ట్‌నర్లు

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క ఆటగాడి మీదే. టెన్నిస్ డబుల్స్ ఆటగాడు రోహన్ బోపన్న. 2025 నవంబర్ 1న ఆట చాలించాడు. విశాఖలో చాలా ఏళ్లుగా పిల్లలకి టెన్నిస్ నేర్పుతున్న కోచ్ గారు మనతో ఉన్నారు. సార్, నమస్తే. మొహమాటం లేకుండా మొదలుపెట్టేస్తా. మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. "డబుల్సా? సింగిల్స్‌లో నెగ్గలేనివాళ్లు ఆడుకునేది కదా" అంటారు.

కోచ్: ఆయనొక్కరే కాదమ్మా. మా కోర్టుకి పిల్లల్ని తీసుకొచ్చే వాళ్లలో సగంమంది అదే మాట. పూర్తిగా అబద్ధం అయితే కొట్టిపారేయొచ్చు. కొంత నిజం ఉంది, అదే చిక్కు. బోపన్న కూడా సింగిల్స్‌లోనే దిగాడు. 2007లో 213వ ర్యాంకు దాకా వచ్చాడు. ఆ పైకి వెళ్లలేదు. ఆ ర్యాంకులో ఉన్నవాడికి గ్రాండ్‌స్లామ్‌లో, అంటే ఏడాదిలో నాలుగు అతి పెద్ద టోర్నీల్లో, మెయిన్ డ్రాలో నేరుగా చోటు దొరకదు, క్వాలిఫయింగ్ ఆడుకోవాలి. మిగతా ఏడాదంతా చిన్న టోర్నీలు. గెలిచిన డబ్బు విమాన టికెట్లకే చాలదు.

హోస్ట్: అంటే మా పెద్దాయన మాటే నిజమా?

కోచ్: ఆగమ్మా, ఇంకా చెప్పనీ. 2025 యూఎస్ ఓపెన్‌లో మిక్స్‌డ్ డబుల్స్ రూపు మార్చేశారు. సింగిల్స్ మొదలవకముందే రెండు రోజుల్లో ముగించారు. 16 జంటలే. సింగిల్స్ స్టార్లని పిలిచి కూర్చోబెట్టారు, గెలిస్తే పది లక్షల డాలర్లు. డబుల్స్ వాళ్లకి దాదాపు తలుపులు మూసేశారు. చివరికి గెలిచిందెవరు? సారా ఎరానీ, ఆండ్రియా వవసోరి. అంతకు ముందు ఏడాది గెలిచిన జంట. ఫైనల్లో సింగిల్స్ స్టార్లు ఇగా ష్వియాంటెక్‌ని, కాస్పర్ రూడ్‌ని ఓడించారు. మీ పెద్దాయనకి ఆ స్కోరు పంపించు.

హోస్ట్: తప్పకుండా పంపిస్తా! ఈ వవసోరి పేరు మళ్లీ వస్తుంది కదా, 2024 మెల్‌బోర్న్‌లో, ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో...

కోచ్: వస్తుంది, వస్తుంది. ముందు బోపన్నని కొడగు నుంచి రానీ. వాళ్ల నాన్న కాఫీ తోటల ఆయన. కొడగు అంటే నీకు తెలుసుగా, హాకీ నేల. ఇంటిపేర్లవారీగా జట్లు కట్టి హాకీ పండగ చేసుకునే ఊళ్లవి. అక్కణ్ణుంచి ఒక పిల్లాడు 11 ఏళ్లకి రాకెట్ పట్టుకున్నాడు. 11 అంటే ఇవాళ్టి లెక్కలో ఆలస్యమే. మా దగ్గరికి ఆరేళ్ల పిల్లల్ని తెచ్చి "లేట్ అయిందా సార్" అంటున్నారు. 14 ఏళ్లకి ఇల్లొదిలి పుణె వెళ్లాడు ట్రైనింగ్ కోసం.

హోస్ట్: ఆటలో ఏముంది ఆయన దగ్గర? మామూలు ప్రేక్షకురాలిగా నాకు కనిపించేది సర్వ్ ఒక్కటే.

కోచ్: నువ్వు సరిగ్గానే చూశావు. పొడగరి, పైనుంచి దించేస్తాడు. సింగిల్ హ్యాండ్ బ్యాక్‌హ్యాండ్. సింగిల్స్‌లో ఏమవుతుందంటే, సర్వ్ తిరిగొచ్చాక కోర్టంతా పరిగెత్తాలి. అక్కడ ఆయన కాళ్లు మిగతావాళ్లంత చురుకు కాదు. డబుల్స్‌లో నాలుగు గేముల్లో ఒక్కదానికే నువ్వు సర్వ్ చేస్తావు. సగం కోర్టే నీది. సర్వ్ బలంగా పడితే రిటర్న్ బలహీనంగా వస్తుంది, నెట్ దగ్గరున్న పార్ట్‌నర్ అడ్డంగా దూకి కొట్టేస్తాడు. దాన్నే మేం పోచింగ్ అంటాం. పాయింట్ మూడు నాలుగు దెబ్బల్లో అయిపోతుంది. 43 ఏళ్ల మోకాళ్లతో కూడా ఈ ఆట ఆడొచ్చు అనడానికి మొదటి కారణం ఇదే.

హోస్ట్: రెండోది?

కోచ్: స్కోరింగ్. 2006 నుంచి టూర్ డబుల్స్‌లో డ్యూస్ లేదు. 40-40 అయితే ఒక్క పాయింట్, అటో ఇటో. ఒక్కో సెట్ పంచుకుంటే మూడో సెట్ ఆడరు, 10 పాయింట్ల టైబ్రేక్. గ్రాండ్‌స్లామ్ మెన్స్ డబుల్స్ లెక్క వేరు, అక్కడ మూడో సెట్ ఉంటుంది. వింబుల్డన్‌లో అయితే 2022 దాకా అయిదు సెట్లు. ఈ టూర్ పద్ధతి ఒంటికి సుఖం, గుండెకి కష్టం. రెండు గంటలు బాగా ఆడి రెండు నిమిషాల్లో ఇంటికి పోవచ్చు.

హోస్ట్: ఇప్పుడు పార్ట్‌నర్ల దగ్గరికి వద్దాం. 2024లో టైటిల్ గెలిచే దాకా గ్రాండ్‌స్లామ్ మెన్స్ డబుల్స్‌లో 19 మందితో ఆడాడట. అంతమందేంటి సార్!

కోచ్: అదేనమ్మా అసలు కథ. బయటివాళ్లకి అది నిలకడ లేనితనంలా కనిపిస్తుంది. డబుల్స్ ఎంట్రీ ఎలా ఇస్తారు? ఇద్దరి ర్యాంకులూ కలిపి. నా 20, నీ 30, మొత్తం 50. పెద్ద టోర్నీలో కటాఫ్ అంతకన్నా తక్కువుంటే ఇద్దరం బయటే. పైగా సింగిల్స్ వాళ్లు తమ సింగిల్స్ ర్యాంకు వాడుకుని లోపలికి వచ్చేయొచ్చు. అందుకని సీజన్ చివర్లో లాకర్ రూముల్లో ఇదే గొడవ. ఎవరు ఖాళీ, ఎవరు ఎవర్ని వదిలేస్తున్నారు, ఎవరి ర్యాంకు పడుతోంది. నువ్వు ఎంత బాగా ఆడినా, నీతో ఆడతానని ఇంకొకడు అనకపోతే నీకు ఉద్యోగం లేదు. బోపన్న ఇరవై ఏళ్లు ఎప్పుడూ ఎవరికో ఒకరికి కావలసినవాడిగానే ఉన్నాడు. నాకు ఆయన ట్రోఫీలకన్నా ఇదే గొప్ప అనిపిస్తుంది.

హోస్ట్: వాళ్లలో జనానికి బాగా గుర్తున్నది ఐసామ్ ఉల్ హక్ ఖురేషీ.

కోచ్: ఇద్దరూ 1980 మార్చిలోనే పుట్టారు తెలుసా? కొద్ది రోజుల తేడా. ఒకరు ఇండియా, ఒకరు పాకిస్తాన్. "యుద్ధం ఆపండి, టెన్నిస్ మొదలెట్టండి" అని రాసుకుని తిరిగారు. 2010 యూఎస్ ఓపెన్ ఫైనల్ దాకా వెళ్లారు. ఐక్యరాజ్యసమితిలో ఉన్న రెండు దేశాల రాయబారులు పక్కపక్కన కూర్చుని వీళ్ల ఆట చూశారు. ఫైనల్లో ఎదురుగా బ్రయాన్ సోదరులు. రెండు సెట్లూ టైబ్రేకే, రెండూ పోయాయి. బ్రయాన్లు కవలలు, పుట్టినప్పటినుంచీ కలిసి ఆడుతున్నారు. వాళ్లకి పార్ట్‌నర్ కోసం వెతుక్కునే బాధే లేదు!

హోస్ట్: ఆ నెలలోనే కదా చెన్నైలో డేవిస్ కప్, దేశాల జట్ల పోటీ?

కోచ్: ఆఁ, బ్రెజిల్ మీద. 0-2తో వెనకబడి, డబుల్స్ నెగ్గి, ఇంకో సింగిల్స్ నెగ్గి, 2-2. ఆఖరి మ్యాచ్‌కి బోపన్న దిగాడు. సింగిల్స్ అమ్మా, సింగిల్స్! రికార్డో మెల్లోని మూడు సెట్లలో ఊడ్చేశాడు. సింగిల్స్ రాదన్నవాళ్లకి ఆ వీడియో కూడా పంపించు.

హోస్ట్: మరి ఐసామ్‌తో అంత బాగా సాగుతుంటే ఎందుకు విడిపోయినట్టు?

కోచ్: లండన్ ఒలింపిక్స్. వేరే దేశం వాడితో ఆడి అక్కడికి వెళ్లలేవు కదా. 2012కి మహేశ్ భూపతితో చేరాడు. తర్వాత జరిగిన రచ్చ అందరికీ తెలుసు. భూపతి, బోపన్న ఇద్దరూ లియాండర్ పేస్‌తో ఆడబోమన్నారు. చివరికి రెండు జట్లు పంపారు, పేస్‌కి జోడీగా మన హైదరాబాద్ కుర్రాడు విష్ణువర్ధన్ వెళ్లాడు. పతకం ఎవరికీ రాలేదు. ఆ గొడవ గురించి ఇంతకన్నా మాట్లాడను, బోలెడు మాట్లాడేశారు. నాకు మంట పుట్టించింది 2016.

హోస్ట్: సాకేత్ విషయమా?

కోచ్: సాకేత్ మైనేని, మన తెలుగు కుర్రాడు. రియో ముందు బోపన్న టాప్ 10లో ఉన్నాడు, పార్ట్‌నర్‌ని అడిగే హక్కు తనది. సాకేత్ కావాలన్నాడు. టెన్నిస్ సంఘం పేస్‌ని కట్టబెట్టింది. సాకేత్ ర్యాంకు పేస్ కన్నా బాగా కిందే, ఒప్పుకుంటా. కానీ పెద్ద సర్వ్ ఉన్నవాడు, రెండేళ్ల ముందు ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్‌లో స్వర్ణం గెలిచినవాడు. ఎవరితో ఆడితే కుదురుతుందో రోజూ కోర్టులో నిలబడేవాడికి తెలుస్తుందా, ఆఫీసులో కూర్చున్నవాళ్లకా? మావాడని అనడం లేదు... సరే, మావాడనే అనుకో. బోపన్న, పేస్ మొదటి రౌండ్‌లోనే ఓడారు.

హోస్ట్: అక్కడే సానియాతో పతకం చేతిదాకా వచ్చింది.

కోచ్: సెమీస్‌లో వీనస్ విలియమ్స్, రాజీవ్ రామ్ మీద మొదటి సెట్ 6-2. అక్కణ్ణుంచి చేజారింది. కంచు పతకం మ్యాచ్ కూడా చెక్ జంటకి పోయింది. ఈ రాజీవ్ రామ్‌ని గుర్తుపెట్టుకో, అమెరికా తరఫున ఆడే మన మూలాలున్నవాడు. 2023 యూఎస్ ఓపెన్ ఫైనల్లో బోపన్నని ఓడించింది కూడా ఇతనూ, జో సాలిస్‌బరీ.

హోస్ట్: ఆ ఫైనల్లోనే కదా, అంపైర్ అడక్కుండానే...

కోచ్: అవును. బాల్ తన చేతికి రాసుకుని వెళ్లింది, ఎవరూ చూడలేదు. తనే చెప్పి పాయింట్ వదులుకున్నాడు. గ్రాండ్‌స్లామ్ ఫైనల్లో!

హోస్ట్: మధ్యలో 2017 వదిలేశాం సార్. ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్, గాబ్రియేలా డబ్రోవ్‌స్కీతో.

కోచ్: రెండు మ్యాచ్ పాయింట్లు కాచుకుని, ఆఖరి టైబ్రేక్ 12-10తో గెలిచారు. పేస్, భూపతి, సానియా తర్వాత గ్రాండ్‌స్లామ్ గెలిచిన నాలుగో భారతీయుడు. అప్పటికి 37 ఏళ్లు. నేనైతే, ఇంక చాలు, ఇక్కడితో కథ అయిపోయింది అనుకున్నా.

హోస్ట్: ఆయనా దాదాపు అలాగే అనుకున్నాడు కదా, 2021లో.

కోచ్: అయిదు నెలలు ఒక్క మ్యాచ్ గెలవలేదు. ఇక మానేస్తానని భార్యకి వీడియో పంపించాడట. మెల్‌బోర్న్‌లో కప్పు పట్టుకుని తనే చెప్పాడు. మోకాళ్లలో మృదులాస్థి అరిగిపోయింది. ఎముకకి ఎముక తగులుతుంటే సర్వ్ చేసి ముందుకి దూకడం ఎలా ఉంటుందో ఊహించుకో.

హోస్ట్: మరి ఎలా నిలబడ్డాడు?

కోచ్: అయ్యంగార్ యోగా అంటాడు ఆయన. అందులో ఒక్కో భంగిమలో చాలాసేపు నిలబడాలి, తాళ్లు, బల్లలు, కుర్చీల ఆసరాతో. మోకాలి చుట్టూ ఉన్న కండరాలు బలపడితే మోకాలి మీద బరువు తగ్గుతుంది. మా పిల్లలకి యోగా అంటే పడుకోవడమే అనుకుంటారు, అది వేరే సంగతి. 2022లో నెదర్లాండ్స్ ఆటగాడు మిడెల్‌కూప్‌తో ఫ్రెంచ్ ఓపెన్ సెమీస్. 2023లో మాథ్యూ ఎబ్డెన్ దొరికాడు. ఆస్ట్రేలియావాడు, మంచి సింగిల్స్ ఆడినవాడు, కాళ్లలో వేగం ఉంది. ఈయనకి లేనిది ఆయన దగ్గర, ఆయనకి లేని సర్వ్ ఈయన దగ్గర. ఇండియన్ వెల్స్ గెలిచినప్పుడు బోపన్నకి 43. గ్రాండ్‌స్లామ్‌ల తర్వాతి స్థాయి అయిన మాస్టర్స్ టోర్నీ గెలిచినవాళ్లలో అంత వయసువాడు అప్పటికి లేడు. మళ్లీ 44లో మయామీ గెలిచి తన రికార్డు తనే కొట్టుకున్నాడు.

హోస్ట్: ఇక 2024 జనవరి 27, మెల్‌బోర్న్ రాత్రి.

కోచ్: నీ వవసోరి వచ్చాడు, బొలెల్లీతో. 7-6, 7-5తో బోపన్న, ఎబ్డెన్ గెలిచారు. ఆ టైబ్రేక్ 7-0 అమ్మా! మెన్స్ డబుల్స్‌లో ఆయనకది 61వ గ్రాండ్‌స్లామ్. అరవై సార్లు ఖాళీ చేతులతో వచ్చి, అరవై ఒకటోసారి. రెండు రోజుల తర్వాత ర్యాంకింగ్స్‌లో నంబర్ వన్. అంతకు ముందు ఎక్కువ వయసులో తొలిసారి నంబర్ వన్ అయిన రికార్డు ఎవరిది?

హోస్ట్: రాజీవ్ రామ్?

కోచ్: అదీ లెక్క. ఆయనది 38.

హోస్ట్: డబ్బు సంగతి అడగనా సార్? మావాళ్లు కామెంట్లలో అదే అడుగుతారు.

కోచ్: అడుగు, తప్పేముంది. ఆ ఏడాది మెల్‌బోర్న్‌లో సింగిల్స్ గెలిచినవాడికి 31.5 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు. డబుల్స్ జంటకి 7.3 లక్షలు. జంటకి! సగం చేసుకో. అందులోంచి కోచ్, ఫిజియో, విమానాలు, హోటళ్లు, పన్నులు. ఆ స్థాయిలో హాయిగానే ఉంటుంది. 80వ ర్యాంకు డబుల్స్ ఆటగాడిది వేరే బతుకు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక కోచ్‌ని పెట్టుకుంటారు. కొందరికి అదీ ఉండదు.

హోస్ట్: ఎబ్డెన్‌తో కూడా చివరికి విడిపోయారు.

కోచ్: 2024 సీజన్ అయ్యాక. 2025లో మళ్లీ పార్ట్‌నర్ల వేట. 45 ఏళ్లవాడితో ఎవరు ఆడతారు అనుకుంటాం. టోక్యోలో తకేరు యుజుకి అనే జపాన్ కుర్రాడితో ఫైనల్ ఆడాడు. ఆఖరి మ్యాచ్ పారిస్‌లో, అలెగ్జాండర్ బుబ్లిక్‌తో. ఓడిపోయారు. ఒలింపిక్ పతకం మాత్రం దక్కలేదు. ఆసియా క్రీడల స్వర్ణాలు రెండున్నాయి, 2018లో పాలెంబాంగ్‌లో దివిజ్ శరణ్‌తో, హాంగ్‌జౌలో రుతుజా భోసలేతో.

హోస్ట్: ఇప్పుడు మనవాళ్లలో ఎవర్ని చూడాలి?

కోచ్: యూకీ భాంబ్రీ. సింగిల్స్‌లో 83 దాకా వెళ్లినవాడు, గాయాలు తినేశాయి. 2025 యూఎస్ ఓపెన్‌లో న్యూజిలాండ్ ఆటగాడు మైకేల్ వీనస్‌తో సెమీస్ ఆడాడు. అతని ఆట చూసేటప్పుడు ఒక పని చెయ్యి. బాల్‌ని చూడకు. నెట్ దగ్గర వంగున్నవాడి చెయ్యి చూడు, వీపు వెనక వేళ్లతో సైగ చేస్తాడు, సర్వ్ ఎటు పడాలి, తను ఎటు దూకుతాడు అని. వెనకవాడు అది చూసి సర్వ్ చేస్తాడు. ఎదుటివాడు రిటర్న్ కొట్టేలోపు సగం పాయింట్ అయిపోయినట్టే.

హోస్ట్: టీవీలో అది సరిగ్గా కనిపించదేమో సార్.

కోచ్: ఏ కోణంలో పెడతారో ఏమో, సరిగ్గా ఆ క్షణానికే కెమెరా వెళ్లి సర్వ్ చేసేవాడి మొహం మీద పెడతారు!