ది సెవెంత్ గెస్ట్: ఈ పాత దెయ్యాల భవనం ఇప్పటికీ ఎందుకు భయపెడుతుంది?

[స్క్రీన్ మీద: చీకటి హాలు, ఎదురుగా మెట్లు, మధ్యలో ఎముకల చెయ్యి]

ఆ ఎముకల చెయ్యి చూశారా, అదే ఈ గేమ్‌లో మౌస్ కర్సర్. దారి ఉన్న వైపు పెడితే వేలు ఆడిస్తూ రమ్మని పిలుస్తుంది, దారి లేకపోతే అదే వేలు అటూ ఇటూ ఊపి కుదరదంటుంది. పజిల్ ఉన్న చోట పుర్రెగా మారిపోతుంది, లోపల మెదడు కొట్టుకుంటూ కనిపిస్తుంది. ఇంకా ఒక్క దెయ్యం కూడా రాలేదు, అయినా టెన్షన్ మొదలైపోతుంది.

గేమ్ పేరు ది సెవెంత్ గెస్ట్. 1993లో వచ్చింది. తయారుచేసింది ట్రైలోబైట్, అంటే గ్రేమ్ డెవైన్, రాబ్ లాండెరోస్ పెట్టిన కంపెనీ. గేములు ఇంకా 1.44 ఎంబీ ఫ్లాపీల మీద వస్తున్న రోజుల్లో ఇది రెండు సీడీల నిండా వచ్చింది. 20 లక్షలకు పైగా కాపీలు అమ్ముడుపోయాయి, ఇళ్లలోకి సీడీ డ్రైవ్‌లు రావడానికి ఇది కూడా ఒక పెద్ద కారణం.

కథ క్లుప్తంగా చెప్తా, చివరి మలుపు చెప్పను. హెన్రీ స్టౌఫ్ అనే దిక్కులేని దొంగ, పర్సు కోసం ఒక ఆవిడని చంపేస్తాడు. తర్వాత అతనికి కలలో ఒక బొమ్మ కనిపిస్తుంది, లేచి దాన్ని చెక్కుతాడు. అక్కడినుంచి కలలూ బొమ్మలూ డబ్బూ అన్నీ వరసగా వచ్చేస్తాయి, కొండ మీద ఒక వింత భవనం కూడా లేస్తుంది. ఇంతలో ఆ బొమ్మలున్న పిల్లలు ఏదో అంతుపట్టని జబ్బుతో ఒక్కొక్కరే చచ్చిపోతుంటారు. స్టౌఫ్ ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంటాడు. కొన్నాళ్లకి ఆరుగురికి ఆ ఇంటికి రమ్మని ఆహ్వానాలు అందుతాయి. మరి ఏడో అతిథి ఎవరు? మీరు అక్కడ తిరిగేది అది తేల్చుకోవడానికే.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఈ గేమ్‌లో మీరు నిజానికి నడవరు. ఇల్లంతా ముందే త్రీడీలో గీసి వీడియోలుగా మార్చి సీడీలో పెట్టేశారు, మీరు క్లిక్ చేస్తే ఒక చోటినుంచి ఇంకో చోటికి వెళ్లే వీడియో మొదలవుతుంది, కెమెరా గాల్లో తేలుతున్నట్టు మెట్లెక్కి, మలుపు తిరిగి, ఒక తలుపు ముందు ఆగుతుంది. అది ఆగేదాకా మీ చేతిలో ఏమీ ఉండదు. అబ్బా ఎంత నెమ్మదో అని ఇప్పుడు ఆడేవాళ్లు విసుక్కుంటారు, కానీ నా మాట వినండి, భయం ఉన్నదే అక్కడ. ఇప్పటి హారర్ గేమ్‌లో భయమేస్తే వెనక్కి తిరిగి పరిగెత్తొచ్చు, ఏమీ తోచకపోతే నేల చూస్తూ నిలబడొచ్చు. ఇక్కడ ఆ అవకాశమే లేదు, ఎవరో మెడ పట్టుకుని తీసుకెళ్తున్నట్టే ఉంటుంది. మెట్ల మలుపులో ఏదో కదులుతున్నా చూపు తిప్పుకోలేరు. మొదట్నుంచీ చివరిదాకా ఆ ఇల్లే మిమ్మల్ని తిప్పుతుంది.

[స్క్రీన్ మీద: గదిలో కనిపించి మాయమయ్యే అతిథి]

ఈ దెయ్యాలు నిజం నటులే. నీలం తెర ముందు షూట్ చేశారు. అప్పటి టెక్నాలజీతో ఆ నీలాన్ని శుభ్రంగా తీసేయడం కుదరలేదు, మనుషుల అంచుల చుట్టూ ఒక వెలుగు మిగిలిపోయింది. దాన్ని దాచకుండా దెయ్యాల కాంతిగా వాడేసుకున్నారు. నటన నాటకంలోలా కాస్త ఎక్కువగానే ఉంటుంది, అయినా నాకు అతికినట్టే అనిపిస్తుంది, ఎందుకంటే వాళ్లు ఎప్పుడో జరిగిపోయిన ఒక రాత్రిని మళ్లీ మళ్లీ ఆడుతున్న ఆత్మలు కదా.

పజిల్స్ మాత్రం అన్నీ ఒకలా లేవు. భోజనాల గదిలో కేకు బాగుంటుంది: పుర్రెలు, సమాధి రాళ్లు, ఏ బొమ్మా లేని ముక్కలు, అన్నీ కలిపి 30 గళ్లు. ఆరు భాగాలు చెయ్యాలి, ఒక్కో భాగానికి రెండు పుర్రెలు, రెండు రాళ్లు, ఒక ఖాళీ ముక్క, అవి కూడా ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. తేలిగ్గా కనిపిస్తుంది గానీ చివర్లో ఒక్క పుర్రె ఎక్కడో ఒంటరిగా మిగిలిపోతుంది. వంటింట్లో సూప్ డబ్బాలు ఇంకా మొండివి, డబ్బాల మీది ఇంగ్లీషు అక్షరాలతో వాక్యం కట్టాలి, చేతిలో అచ్చు కింద పనికొచ్చేది ఒక్క వై మాత్రమే. మైక్రోస్కోప్‌లో ఆడే పజిల్ గురించైతే చెప్పక్కర్లేదు, కంప్యూటర్‌తో ఎత్తుకు పైఎత్తు ఆడాలి, అది అస్సలు వదలదు. చదరంగం బోర్డు మీద ఎనిమిది మంది రాణులని ఒకరికొకరు అడ్డురాకుండా సర్దుతూ కూర్చుంటే ఇక భయం ఎక్కడుంటుంది? ఇది ఈ గేమ్ బలహీనతే, ఒప్పుకోవాలి. కాకపోతే మీరు ఆలోచిస్తుండగా స్టౌఫ్ గొంతు వెనకనుంచి వెక్కిరిస్తుంది, మళ్లీ ఒళ్లు జలదరిస్తుంది. మరీ ఇరుక్కుపోతే లైబ్రరీలో ఒక పుస్తకం ఉంది, సూచనలిస్తుంది.

సంగీతం జార్జ్ సాంగర్‌ది, అందరూ ఫ్యాట్ మ్యాన్ అంటారు. రెండో సీడీని మామూలు ఆడియో ప్లేయర్‌లో పెట్టినా పాటలు వినిపిస్తాయి.

ఇప్పుడు ఆడాలంటే 2019లో వచ్చిన 25వ వార్షికోత్సవ ఎడిషన్ ఉంది, అసలు సీడీలు ఉంటే స్కమ్‌వీఎమ్‌లో, అంటే పాత గేములని ఇప్పటి కంప్యూటర్లలో నడిపే ఉచిత ప్రోగ్రామ్‌లో, నడుస్తాయి. 2023లో వర్టిగో గేమ్స్ వీఆర్ (కళ్లకి హెడ్‌సెట్ పెట్టుకుని ఆడే వర్చువల్ రియాలిటీ) కోసం కొత్తగా తీసింది, నటులని అన్ని వైపులనుంచీ చిత్రీకరించారు కాబట్టి దెయ్యం చుట్టూ తిరిగి చూడొచ్చు. అద్భుతంగా ఉంటుంది, కానీ అందులో తల మీ ఇష్టం వచ్చినట్టు తిప్పుకోవచ్చు. అందుకే ముందు పాతదే ఆడండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, లైట్లు ఆర్పేసి, కెమెరా కదులుతున్నప్పుడు క్లిక్కుల మీద క్లిక్కులు కొట్టకుండా.