ఆరుగురు రండిరా: మా మిలిటరీ తాతయ్య

అక్క: నమస్కారం అండి. ఈ వారం బయటి అతిథులెవరూ లేరు. నేనూ, మా తమ్ముడూ. వచ్చే నెల మా తాతయ్య సంవత్సరీకం. అమ్మ వాళ్ళ నాన్న. ఆయన గురించి మాట్లాడుకుందామని కూర్చున్నాం.

తమ్ముడు: ముందు ఊరి గురించి చెప్పక్కా.

అక్క: మాధవరం. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం పక్కన. బస్సు కండక్టర్ని అడిగినా మిలిటరీ మాధవరం అనే అంటాడు. రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరు. ఇప్పటికీ ఏ ఇంటికి వెళ్ళినా గోడ మీద ఒక యూనిఫాం ఫోటో ఉంటుంది. పట్టాళానికి వెళ్తానంటే ఇంట్లో ఏడుస్తారు కానీ ఆపరు.

తమ్ముడు: తాతయ్య వెళ్ళింది 1966లో. పద్దెనిమిదేళ్ళకి. బెంగళూరు, అలసూరు చెరువు దగ్గర మద్రాస్ సాపర్స్ సెంటర్. తుపాకీ కంటే ముందు పారే చేతికిచ్చారని చెప్పేవారు. వంతెనలు కట్టడం, దారులు వెయ్యడం, మందుపాతరలు తియ్యడం, అదీ వాళ్ళ పని. అక్కడ ఒకళ్ళనొకళ్ళు తంబీ అని పిలుచుకుంటారు. మన తెలుగువాళ్ళూ తంబీలే, మలయాళీలూ తంబీలే.

అక్క: బెయిలీ వంతెన సంగతి చెప్పు.

తమ్ముడు: ఇనప పేనెళ్ళు ఉంటాయి. ఒక్కోటి పదడుగుల పొడవు, 260 కిలోల దాకా బరువు. క్రేన్ అక్కర్లేదు, ఆరుగురు చాలు. ఒకదాని చివర ఇంకోటి పెట్టి పిన్నులు దిగ్గొట్టుకుంటూ పోవడమే. ఆ లెక్క తాతయ్యకి చచ్చేదాకా పోలేదక్కా. పెళ్ళిలో గుండిగ దించాలన్నా, కాలవ గట్టు మీంచి జారిన ఆటోని లేపాలన్నా, వీధిలోకొచ్చి "ఆరుగురు రండిరా" అని ఒక్క కేక. నలుగురొస్తే మిగతా ఇద్దరి కోసం నిలబడేవారు తప్ప చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. నడుములు పోతాయిరా అని.

అక్క: 1986 వరదల్లో కూడా అదే కేక. ఆగస్టులో సెలవు మీద వచ్చి ఉన్నారు. భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటిన ఏడాది. అరటి బోదెలతో తెప్పలు కట్టించి లంకల్లోంచి జనాన్ని తెచ్చారని అమ్మమ్మ చెబుతుంది. ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఆ తెప్ప మీద ఒక ముసలమ్మ తన గేదెని వదిలి రానని పట్టుబట్టిందనీ, గేదె పక్కనే ఈదుకుంటూ వచ్చిందనీ మాత్రం చెప్పేవారు.

తమ్ముడు: యుద్ధం గురించీ అంతే కదా.

అక్క: 1971 డిసెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధంలో, ఆయన సరిహద్దు అవతల శకర్‌గఢ్ వైపు ఉన్నారు. బసంతర్ వాగు. అవతలికి మన ట్యాంకులు దాటాలంటే ముందు మందుపాతరల మధ్య దారి తియ్యాలి. ఆ పని సాపర్లది. తీసిన దారికి అటూ ఇటూ తెల్ల టేపు పరుచుకుంటూ పోతారు, వెనక ట్యాంకులు ఆ టేపుల మధ్యే రావాలి. ట్యాంకు దళం ఆఫీసరు అరుణ్ ఖేతర్‌పాల్ చనిపోయింది అక్కడే, 16వ తారీఖున. ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడు. తర్వాత పరమ వీర చక్ర ఇచ్చారు. అదే రోజు ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, మొత్తం 93 వేల మంది దాకా బందీలయ్యారు. మన పాఠాల్లో ఢాకా ఉంటుంది. తాతయ్యకి మాత్రం 16 అంటే ఆ వాగే.

తమ్ముడు: మనకి ఆయన ఆ యుద్ధం కథగా చెప్పలేదక్కా. ఆటగా నేర్పారు.

అక్క: అవున్రా! దొడ్లో ఇసక కుప్ప.

తమ్ముడు: మనల్ని అటు తిరగమని, ఇసకలో కొబ్బరి చిప్పలు బోర్లించి కప్పెట్టేవారు. చేతికో సైకిల్ చువ్వ. బోర్లా పడుకోవాలి. చువ్వ ఏటవాలుగా గుచ్చాలి, నిట్టనిలువుగా కాదు. నిలువుగా గుచ్చితే పాతర నెత్తి మీద తగులుతుంది, ఏటవాలైతే పక్కన తగులుతుంది. రెండు వేళ్ళ ఎడం, మళ్ళీ గుచ్చడం. "టక్" అని శబ్దమొస్తే చచ్చినట్టే, మొదటికి రమ్మనేవారు. నాకప్పుడు ఏడేళ్ళు. ఆ ఇసక కుప్ప మీద ఆయన పక్కన పడుకుని, నా మణికట్టు పట్టుకుని, "తొందరేం లేదు నాన్నా, తెల్లారేదాకా టైముంది" అనేవారు. ఆ మాట ఆయనకి ఎవరు చెప్పారో, ఏ రాత్రి చెప్పారో ఇప్పుడు అనిపిస్తుంది.

అక్క: (కాసేపు ఆగి) ఇంటికి మనుషుల్ని తేవడం గురించి చెప్పకపోతే అమ్మమ్మ ఊరుకోదు. గూడెం మార్కెట్‌కి ఉల్లిపాయలు తెచ్చిన నాసిక్ లారీ ఆగిపోతే, ఆ డ్రైవర్నీ క్లీనర్నీ ఇంటికి తెచ్చేశారు. రెండ్రోజులు. హిందీలో ఒకటే కబుర్లు. అమ్మమ్మ జీవితంలో మొదటిసారి రొట్టెలు చేసింది అప్పుడే. ఆ డ్రైవర్ తర్వాత ఏటా ఒక ఉల్లిపాయల బస్తా దించి వెళ్ళేవాడు.

తమ్ముడు: ఆ డ్రైవర్ అడ్రసు కూడా ట్రంకు పెట్టెలో పుస్తకంలో ఉంది.

అక్క: పోయిన నెల మేం ఆ నల్ల ట్రంకు తెరిచాం అండి. మూత మీద తెల్ల రంగుతో నంబరు, పేరు. లోపల ఒక లెడ్జరు పుస్తకం. కోయంబత్తూరు, పాలక్కాడ్, హోషియార్‌పూర్, ఎక్కడెక్కడివో అడ్రసులు. పాత పిన్‌కోడ్‌ల పక్కన కొత్త ఫోన్ నంబర్లు దిద్దుకుంటూ వచ్చారు. పోయినవాళ్ళ పేరు కొట్టెయ్యలేదు. కింద వాళ్ళ భార్య పేరు రాసి, ఫ్యామిలీ పెన్షన్ వచ్చిందా లేదా అని టిక్కు పెట్టుకున్నారు.

తమ్ముడు: ఆ టిక్కుల కోసం ఎన్ని ఉత్తరాలు రాశారో. మన వీధిలో వాళ్ళకైతే నవంబరు రాగానే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చారా అని ఇల్లిల్లూ తిరిగేవారు.

అక్క: నువ్వు ఫోన్ చేసిన సంగతి చెప్పు.

తమ్ముడు: సంవత్సరీకం కబురు చెప్దామని ఒక్కో నంబరుకీ చేశాను. చాలా వరకు మోగలేదు. ధర్మపురి నంబరు ఎత్తారు. ముసలి గొంతు. సగం తమిళం, సగం తెలుగు. ఎవరని చెప్పగానే చాలాసేపు మాట లేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నా. తర్వాత, "చిన్న మనవడివా? చువ్వ నిలువుగా గుచ్చేవాడివి నువ్వేనా?" అన్నారు.

అక్క: ఆయనకి ఉత్తరాల్లో రాసేవారన్నమాట.

తమ్ముడు: అన్నీ తెలుసక్కా. నీ పెళ్ళి తారీఖు కూడా. ఇసక కుప్ప ఇంకా ఉందా అని అడిగారు. ఉందన్నాను. "నాకూ ఒక చువ్వ తీసిపెట్టు తంబీ, రైలు టికెట్ చూసుకుంటా" అన్నారు.